ఒకే ఉత్తరం, వేరు వేరు గొంతులు: ప్రతిపక్షంలో మహిళల తీరు నిజంగా వేరా?

2017 ఫిబ్రవరి 7 రాత్రి అమెరికా సెనేట్‌లో ఎలిజబెత్ వారెన్ ఒక ఉత్తరం చదువుతున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ 1986లో రాసిన ఉత్తరం అది. జెఫ్ సెషన్స్‌ను న్యాయమూర్తిగా నియమించవద్దని ఆమె అందులో కోరారు. ముప్పై ఏళ్ల తర్వాత, అప్పటికి తానూ సెనేటరుగా ఉన్న అదే సెషన్స్ పేరు అటార్నీ జనరల్ పదవికి సభ ముందుకు వచ్చింది. వారెన్ పార్టీకి అప్పుడు సెనేట్‌లో ఆధిక్యం లేదు. తోటి సభ్యుణ్ణి కించపరచకూడదని చెప్పే 19వ నిబంధనను చూపించి, ఆధిక్య పక్ష నాయకుడు మిచ్ మకానెల్ అభ్యంతరం చెప్పారు. ఓటింగ్‌లో 49 మంది అటు, 43 మంది ఇటు. ఆ చర్చ ముగిసేదాకా వారెన్ నోరు విప్పకూడదని తేలిపోయింది. ఆ తర్వాత జెఫ్ మెర్క్‌లీ, టామ్ యూడాల్, షెరాడ్ బ్రౌన్, బెర్నీ శాండర్స్ అదే సభలో అదే ఉత్తరం చదివారు. నలుగురూ మగవాళ్లే. ఎవరూ వాళ్లను ఆపలేదు.

ఇది విన్నవాళ్లకు వెంటనే కలిగే అనుమానం ఆమె ఆడమనిషి కాబట్టే నోరు మూయించారని. నాకూ మొదట అలాగే అనిపించింది. వివరాల్లోకి వెళ్తే విషయం అంత సూటిగా లేదు. ఆ ప్రసంగంలోనే అంతకుముందు సెషన్స్ గురించి మరో సెనేటర్ ఎప్పుడో అన్న కటువైన మాటలను వారెన్ ప్రస్తావించారు, ఒకసారి హెచ్చరిక కూడా అందుకున్నారు. ఆమెను ఆపడం అప్పటికే పెద్ద గొడవ అయింది కాబట్టి, రెండోసారి, మూడోసారి అడ్డుతగలడం ఎదుటిపక్షానికే నష్టం. కాబట్టి ఈ ఒక్క సంఘటనతో ఏదీ రుజువు కాదు. అలాగని కొట్టిపారేయడానికీ మనసొప్పదు. ఈ అంశం మొత్తానికీ ఉన్న చిక్కు ఇదే. మాట్లాడుతున్నది ఆడా మగా, ఏ పక్షం, ఎంత సీనియర్, ఏ అంశం అనేవన్నీ ఒకే మనిషిలో పెనవేసుకుని ఉంటాయి. ఏ పోగును పట్టుకుని లాగినా మిగతావీ కదులుతాయి.

ముందు ప్రతిపక్షం చేసే పనేమిటో చూడాలి. అధికార పక్షానికి సంఖ్యాబలం ఉంటుంది, చివరికి ఓటింగ్‌లో నెగ్గేది అదే. అది తెలిసీ ప్రతిపక్ష సభ్యులు రోజూ సభకు వస్తారు. వాళ్ల చేతిలో ఉన్న సాధనాలు కొన్నే. ప్రశ్నలు వేయడం, సవరణలు ప్రతిపాదించడం, కమిటీల్లో సాక్షులను నిలదీయడం, సొంతంగా బిల్లులు తేవడం ఒక రకం. కేకలు, నినాదాలు, వాకౌట్లు, కాలం గడిచిపోయేలా గంటల తరబడి ప్రసంగించడం మరో రకం. మొదటి రకం చట్టాన్ని కొంతైనా మార్చాలని చేసేది. రెండోది చట్టాన్ని ఆపాలని, లేదా బయట ఉన్న ఓటరు చెవిన పడాలని చేసేది. రెండూ ప్రజాస్వామ్యానికి అవసరమే. కాకపోతే మర్నాడు పత్రికలో కనిపించేది రెండోదే. కమిటీ గదిలో ఒక నిబంధనలో రెండు పదాలు మార్పించిన సభ్యురాలి ఫోటో ఏ పత్రికా వేయదు. ప్రతిపక్షంలో ఎవరు చురుకైనవారు, ఎవరు చప్పగా ఉన్నారు అని మనం వేసుకునే అంచనాలన్నీ ఈ వెలుగులోనే తయారవుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ రెండు రకాల పనుల్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య తేడా ఉందా?

నాకు తెలిసినంతలో దీనికి అన్నిటికన్నా ఆసక్తికరమైన జవాబు క్రెయిగ్ వోల్డెన్, అలన్ వైజ్‌మన్, డానా విట్మర్ 2013లో ప్రచురించిన పరిశోధనలో ఉంది. 1973 నుంచి 2008 వరకు అమెరికా ప్రతినిధుల సభలో ప్రతి సభ్యుడు, సభ్యురాలు ప్రవేశపెట్టిన బిల్లులు ఎంతదూరం ప్రయాణించాయో వాళ్లు లెక్కతీశారు. బిల్లు ప్రవేశపెట్టడం ఎవరైనా చేయగలిగిన పనే. అది కమిటీలో చర్చకు రావాలి, కమిటీ దాటాలి, సభలో నెగ్గాలి, చివరికి చట్టం కావాలి. ఆధిక్యం లేని పక్షం బిల్లులు ఎక్కువగా కమిటీ గడప దగ్గరే ప్రాణం విడుస్తాయి. అయితే ఆ పక్షంలోని మహిళల బిల్లులు, అదే పక్షంలోని పురుషుల బిల్లుల కన్నా ఎక్కువ దూరం వెళ్లాయి. మగవాళ్లు అడ్డుకోవడం, జాప్యం చేయడం వైపు మొగ్గినచోట, ఆడవాళ్లు అవతలి పక్షంలో ఎవరో ఒకరిని కలుపుకుని బిల్లును ముందుకు నడిపించే ప్రయత్నం మానలేదన్నది పరిశోధకుల వివరణ.

కథ అక్కడితో ఆగితే ఆడవాళ్లు నలుగురినీ కలుపుకుపోతారన్న పాత మాటకు ఇంకో ముద్ర పడినట్టే. ఆగలేదు. ఆధిక్య పక్షంలో ఉన్నప్పుడు లెక్క తిరగబడింది. అక్కడ మహిళలు ఎక్కువ బిల్లులు ప్రవేశపెట్టారు గానీ, వాటిని చివరి దశలదాకా తీసుకువెళ్లడంలో పురుషులే ముందున్నారు. పార్టీల మధ్య దూరం పెరిగేకొద్దీ ఆధిక్య పక్ష మహిళల ప్రభావం ఇంకా తగ్గింది. ప్రతిపక్ష స్థానంలో ఉన్న మహిళల తీరు మాత్రం నాలుగు దశాబ్దాలూ ఫలితం ఇస్తూనే వచ్చింది. అంటే ఒకే పనితీరు ఒక వైపు కూర్చుంటే బలం, మరోవైపు కూర్చుంటే బలహీనత. ఆడవాళ్ల తీరు గురించి మాట్లాడేటప్పుడు వాళ్లు ఏ వైపు కూర్చున్నారో చెప్పకపోతే ఆ మాటకు అర్థమే ఉండదని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

ఒక జాగ్రత్త అవసరం. అమెరికాలో ఓటింగ్‌లో ఓడితే ప్రభుత్వం పడిపోదు. సభ్యులకు పార్టీ గీత దాటే స్వేచ్ఛ కొంత ఉంటుంది. విప్ ధిక్కరిస్తే పార్టీలో భవిష్యత్తు మూసుకుపోయే సభల్లో, ప్రతిపక్ష సభ్యురాలు అవతలి పక్షంతో చేయి కలపడం అంత తేలిక కాదు. అర్జెంటీనా చట్టసభలను పరిశీలించిన టిఫనీ బార్న్స్ ఈ విషయాన్నే తేల్చారు. మహిళా సభ్యులు ఒకరితో ఒకరు కలిసి బిల్లులు తేవడానికి మొగ్గు చూపుతారు, కానీ పార్టీ నాయకత్వం పట్టు బిగిసినచోట ఆ అవకాశం కుంచించుకుపోతుంది. ఉరుగ్వేలో వేరు వేరు పార్టీల మహిళా సభ్యులంతా కలిసి ఒక బృందంగా పనిచేసే ఆనవాయితీ 2000 నుంచి ఉంది. అది నిలబడింది కూడా అన్ని విషయాల్లోనూ కలుస్తామని కాదు, ఒప్పందం కుదిరే కొన్ని విషయాలకే పరిమితమవుతామని ముందే అనుకోవడం వల్ల.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? పెంపకం వల్ల, స్వభావం వల్ల అనేది ఒక వాదన. వడపోత వల్ల అనేది రెండోది. సీటు దక్కడానికే ఆడవాళ్లు ఎక్కువ అడ్డంకులు దాటాల్సి వస్తే, దాటి వచ్చినవాళ్లు సగటు కన్నా సమర్థులై ఉంటారు. సారా ఆన్జియా, క్రిస్టఫర్ బెరీ 2011లో చూపించినట్టు, అమెరికా ప్రతినిధుల సభ మహిళా సభ్యులు తమ నియోజకవర్గాలకు సుమారు 9 శాతం ఎక్కువ కేంద్ర నిధులు తెచ్చుకోగలిగారు. ఈ వాదనకు అది ఊతం. మూడోది నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా తోస్తుంది. చాలామంది మహిళలు సొంత పార్టీలోనే సంఖ్యాబలం లేనివాళ్లు. ప్రపంచవ్యాప్తంగా పార్లమెంటు సభ్యుల్లో మహిళల వాటా 1995లో 11.3 శాతం, ముప్పై ఏళ్లు గడిచినా దాదాపు 27 శాతమే. పార్టీ లోపలి సమావేశాల్లో, టికెట్ల పంపకంలో, కమిటీల కేటాయింపులో బలం లేకుండానే పని చక్కబెట్టుకోవడం వాళ్లకు మొదటి నుంచీ అలవాటే. ఎన్నికల్లో ఓడి ప్రతిపక్షంలోకి వచ్చిన పురుషుడు కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య ఆమెకు ఎప్పుడో అబ్బింది.

ఇక సభలో గొంతు సంగతి. పరిశోధనలు ఎక్కువగా జరిగింది ఇక్కడే.

స్వీడన్ పార్లమెంటులో మహిళల వాటా చాలాకాలంగా ఎక్కువే. అయినా 2002 నుంచి 2010 వరకు జరిగిన చర్చలను పరిశీలించిన హన్నా బెక్, ఆమె సహచరులు మహిళలు తక్కువసార్లు ప్రసంగించారని గుర్తించారు. ఆర్థిక వ్యవహారాల వంటి ‘గట్టి’ అంశాలుగా పేరుపడ్డ వాటిలో ఈ వెలితి మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. ఏ అంశం మీద ఎవరు మాట్లాడాలో పార్టీ నిర్ణయించే సభల్లో, ఈ వెలితిని మహిళల మౌనంగా చూడటం అన్యాయం. జాబితాలో పేరు రాసే చేయి వేరొకరిది. ప్రతిపక్షానికి కేటాయించే సమయమే తక్కువ, ఆ తక్కువలో మళ్లీ ముందు వరుస పెద్దల వంతు అయ్యాకే మిగతావారి వంతు.

కొలరాడో రాష్ట్ర చట్టసభ కమిటీ విచారణలను పరిశీలించి లిన్ క్యాథ్లీన్ 1994లో రాసిన పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. మహిళలు అధ్యక్షత వహించిన కమిటీల్లో అధ్యక్షురాలు ఇతరులను మాట్లాడించే పాత్ర పోషించగా, పురుషులు తామే మాట్లాడుతూ చర్చను తమ చేతుల్లోకి తీసుకున్నారు. కమిటీలో మహిళల సంఖ్య పెరిగేకొద్దీ పురుషుల మాటల దూకుడు తగ్గలేదు, పెరిగింది. సంఖ్య పెరిగితే వాతావరణం దానంతట అదే మారిపోతుందని ఆశపడే నాలాంటివాళ్లకు ఇది చేదు నిజం.

అయితే తీరు మారదా అంటే మారుతుంది. బ్రిటన్ కామన్స్ సభలో 1997 నుంచి 2019 వరకు జరిగిన చర్చలను విశ్లేషించిన లాటీ హార్‌గ్రేవ్, జాక్ బ్లూమెనో మహిళా సభ్యుల మాటతీరు కాలంతో పాటు మారిందని తేల్చారు. మొదట్లో వాళ్ల ప్రసంగాల్లో భావోద్వేగం ఎక్కువగా, దూకుడు తక్కువగా ఉండేది. రెండు దశాబ్దాల్లో ఆ మూస చాలావరకు చెదిరిపోయింది. స్వభావమే కారణమైతే ఇరవై ఏళ్లలో ఇంత మార్పు రాదు. సభ దేనికి విలువ ఇస్తుందో చూసి మనుషులు నేర్చుకుంటారు.

అలా నేర్చుకున్నవాళ్లకు ఎదురయ్యేదేమిటి? 2011 ఏప్రిల్ 27న అదే సభలో ప్రధాని డేవిడ్ కామెరాన్ మాట్లాడుతుండగా ఆయన చెప్పింది తప్పని ప్రతిపక్ష లేబర్ పార్టీ సభ్యురాలు ఏంజెలా ఈగిల్ మధ్యలో అరిచారు. అలా అరవడం అక్కడ ప్రధాని ప్రశ్నలకు జవాబిచ్చే ప్రతి బుధవారం జరిగేదే, రెండు వైపులా మగవాళ్లు వందల ఏళ్లుగా చేస్తున్నదే. కామెరాన్ ఆమె వైపు తిరిగి ‘కాస్త శాంతించమ్మా’ అన్న ధోరణిలో సముదాయించారు. వెనక బల్లల మీద నవ్వులు. ఆమె చెప్పింది నిజమా కాదా అన్న ప్రశ్న ఆ నవ్వుల్లో కలిసిపోయింది. మగ సభ్యుడు అరిస్తే ఆవేశపరుడంటారు, ఆడ సభ్యురాలు అరిస్తే అదుపు తప్పిందంటారు. అరవకుండా పని చేసుకుంటే ప్రతిపక్షానికి కావలసిన పదును లేదంటారు. ఏ దారి పట్టినా ఒక నింద సిద్ధంగా ఉంటుంది. 1997లో గెలిచిన లేబర్ మహిళలకు తగిలింది ఈ రెండో రకం దెబ్బ. వాళ్లు పార్టీ మీద తిరుగుబాటు ఓట్లు తక్కువ వేశారని లెక్కల్లో తేలింది, వెన్నెముక లేనివాళ్లన్న మాట పడ్డారు. తమ అభ్యంతరాలను తలుపుల వెనక చెప్పి మార్పించుకుంటున్నామని వాళ్లు చెప్పుకున్నా, తలుపుల వెనక జరిగేదానికి లెక్క లేదు కదా. వాళ్లది అధికార పక్షమే అయినా, కొలబద్ద చేసే అన్యాయం ఏ పక్షంలోనైనా ఒకటే.

మహిళలు అడ్డుకోరు, కలుపుకుపోతారు అన్న మాటను పూర్తిగా నమ్మేవాళ్లకు 2013 జూన్ 25 గుర్తుచేయాలి. అది పార్లమెంటు కాదు, టెక్సస్ రాష్ట్ర సెనేట్. గర్భస్రావాలపై ఆంక్షలు పెంచే బిల్లును ఆపడానికి ఆధిక్యం లేని పక్షానికి చెందిన వెండీ డేవిస్ లేచి నిలబడ్డారు. ప్రత్యేక సమావేశం అర్ధరాత్రికి ముగుస్తుంది, అప్పటిదాకా ప్రసంగం ఆగకపోతే బిల్లు గడువు దాటిపోతుంది. అక్కడి నిబంధనలు కఠినం. కూర్చోకూడదు, బల్లకు ఆనుకోకూడదు, బయటికి వెళ్లకూడదు, అంశం దాటకూడదు. కాళ్లకు గులాబీ రంగు పరుగు బూట్లు వేసుకుని ఆమె దాదాపు పదకొండు గంటలు నిలబడ్డారు. మధ్యలో నడుము పట్టీ కట్టుకోవడానికి సహచరుడు సాయం చేస్తే అదీ నిబంధనకు విరుద్ధమన్నారు. మూడోసారి తప్పు చూపించి ప్రసంగం ఆపించారు. అప్పుడు, తండ్రి అంత్యక్రియలు ముగించుకుని నేరుగా సభకు వచ్చిన లెటీసియా వాన్ డి పుట్ లేచారు. సభలో ఉన్న మగ సహచరులను దాటి తనను గుర్తించాలంటే ఒక మహిళా సెనేటర్ చేయి ఎత్తాలా, గొంతు ఎత్తాలా, ఎప్పుడు ఎత్తాలి అని అడిగారు. గ్యాలరీ దద్దరిల్లింది. ఆ హోరు అర్ధరాత్రి దాటేదాకా ఆగలేదు, బిల్లుకు గడువు దాటిపోయింది. మరుసటి నెలలో ఇంకో ప్రత్యేక సమావేశం పెట్టి దాన్ని నెగ్గించుకున్నారన్నదీ నిజమే. ప్రతిపక్షం గెలుపులు ఎక్కువగా ఇలాంటివే, ఒక రాత్రి కోసం.

న్యూజిలాండ్‌లో 2024 నవంబరు 14న అక్కడి మూలవాసులైన మావోరీల హక్కుల మీద వచ్చిన బిల్లు ప్రతిని రెండుగా చింపి, సభలోనే వాళ్ల సంప్రదాయ నృత్యం హాకా ప్రారంభించిన హానా రాఫితీ మైపీ క్లార్క్ కూడా ప్రతిపక్ష సభ్యురాలే. ఆమెకు 7 రోజులు, ఆమె పార్టీ సహ నాయకులిద్దరికీ 21 రోజుల చొప్పున సస్పెన్షన్ పడింది. ఆ ఇద్దరిలో ఒకరు మహిళ, ఒకరు పురుషుడు. ఇక్కడ తీరును నిర్ణయించింది ఆడా మగా తేడా కాదు, తమ జాతి ఉనికికి ముప్పు వచ్చిందన్న భావన. అన్ని సంఘటనలనూ ఒకే కళ్లద్దాల్లోంచి చూడకూడదని చెప్పడానికే ఇది రాశాను.

నాయకత్వం విషయంలోనూ ప్రతిపక్షానికీ మహిళలకూ ఒక విచిత్రమైన బంధం ఉంది. 11 దేశాల్లోని 71 పార్టీలను పరిశీలించిన డయానా ఓబ్రయన్ 2015లో చూపించిన దాని ప్రకారం, మహిళలకు పార్టీ పగ్గాలు మొదటిసారి దక్కేది ఎక్కువగా చిన్న ప్రతిపక్ష పార్టీల్లో, లేదా సీట్లు పోగొట్టుకుంటున్న పార్టీల్లో. సీట్లు పెరిగితే పదవి నిలుస్తుంది. తగ్గితే మాత్రం మగ నాయకుల కన్నా త్వరగా దిగిపోతారు. 1974లో రెండు ఎన్నికలు ఓడాక 1975 ఫిబ్రవరిలో బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీ మార్గరెట్ థాచర్‌ను నాయకురాలిగా ఎన్నుకుంది. 1998లో అధికారం పోయి, విరాళాల కుంభకోణంలో పరువూ పోయాక 2000లో జర్మనీ క్రిస్టియన్ డెమొక్రాట్లు ఏంగెలా మెర్కెల్‌ను తెచ్చుకున్నారు. ఎన్నికలకు ఏడు వారాలుండగా, 2017 ఆగస్టు 1న, న్యూజిలాండ్ లేబర్ పార్టీ జసిండా ఆర్డెర్న్ చేతికి పగ్గాలు ఇచ్చింది. ముగ్గురూ ప్రభుత్వాధినేతలయ్యారు కాబట్టి చరిత్రలో నిలిచారు. నిలవని పేర్లు ఎన్నో. ఇల్లు కాలుతున్నప్పుడు బిందె చేతికిచ్చి, ఆర్పలేదని నిందించడం లాంటిది ఇది. ఇలా వచ్చిన నాయకురాలు సభలో మొదటి రోజు నుంచీ తప్పటడుగు వేయకుండా, ప్రతి అంకె సరిచూసుకుని మాట్లాడితే, దాన్ని ఆడవాళ్ల సహజమైన జాగ్రత్త అనగలమా?

సభ బయట ఎదురయ్యేదీ సభలోని తీరును మలుస్తుంది. అంతర పార్లమెంటరీ సమాఖ్య 2016లో 39 దేశాలకు చెందిన 55 మంది మహిళా సభ్యులతో మాట్లాడినప్పుడు, 81.8 శాతం మంది ఏదో ఒక రకమైన మానసిక హింసను ఎదుర్కొన్నామని చెప్పారు. ప్రతిపక్షంలో ఉండటం ఆ ముప్పును పెంచే కారణాల్లో ఒకటని ఆ నివేదిక పేర్కొంది. గట్టిగా మాట్లాడిన సాయంత్రం ఫోను తెరవాలంటే భయపడే పరిస్థితి ఉంటే, మర్నాటి ప్రసంగం మీద దాని నీడ పడకుండా ఉంటుందా?

నిబంధనలు మారితే ఎంత మారుతుందో తెలుసుకోవాలంటే క్రిస్టఫర్ కార్పోవిట్జ్, టాలీ మెండెల్‌బర్గ్ చేసిన ప్రయోగం చూడాలి. ఐదుగురు చొప్పున బృందాలను కూర్చోబెట్టి, డబ్బు పంపకం మీద ఒక నిర్ణయానికి రమ్మన్నారు. మెజారిటీ ఓటుతో తేల్చుకోమన్నప్పుడు, తక్కువ సంఖ్యలో ఉన్న మహిళలు చాలా తక్కువ మాట్లాడారు. అందరూ ఏకాభిప్రాయానికి రావాలన్నప్పుడు ఆ తేడా బాగా తగ్గింది. మనుషులు అదే రకం వాళ్లు, మారింది నిబంధన ఒక్కటే. నిండు సభలో లెక్క తలలది. పార్టీలకతీతంగా ఏకగ్రీవ నివేదిక కోసం ప్రయత్నించే కమిటీల్లో ప్రతిపక్ష సభ్యుల మాటకు దానికి మించిన బరువు ఉంటుంది. మహిళా సభ్యులు కమిటీ పనికి ఎక్కువ సమయం ఇస్తే, వాళ్లకు సభ అంటే బెరుకని అనుకోవడం కన్నా, మాట చెల్లే చోటు వెతుక్కున్నారని అనుకోవడం సబబు.

ఓటు వేయడానికి మనిషి స్వయంగా రావాలన్న నిబంధన కూడా అలాంటిదే. బ్రిటన్‌లో ప్రసవం వంటి కారణాలతో రాలేని సభ్యురాలికి బదులుగా అవతలి పక్షంలో ఒకరు ఓటు వేయకుండా ఆగే సంప్రదాయం ఉండేది. అది కేవలం మాట మీద నడిచే ఒప్పందం. 2018 జులైలో ప్రతిపక్ష సభ్యురాలు జో స్విన్సన్ బిడ్డతో ఇంట్లో ఉండగా, ఆమెకు జతగా ఆగాల్సిన అధికార పక్ష సభ్యుడు ఓటు వేసేశారు. ఆరు నెలల తర్వాత, 2019 జనవరి 15న, బ్రెక్సిట్ ఒప్పందం మీద ఓటింగ్ వచ్చింది. ప్రతిపక్ష సభ్యురాలు ట్యూలిప్ సిద్దిక్‌కు నెలలు నిండాయి. మళ్లీ ఆ మాట మీద ఆధారపడలేనని, ఆపరేషన్ రెండు రోజులు వాయిదా వేయించుకుని, చక్రాల కుర్చీలో సభకు వచ్చి ఓటు వేశారు. ప్రభుత్వం 230 ఓట్ల తేడాతో ఓడిపోయింది. లెక్క ప్రకారం ఆమె రాకపోయినా ఫలితం మారేది కాదు, కానీ ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు. జనవరి 28న సభ, ప్రసవ సెలవులో ఉన్నవారి తరపున మరొకరు ఓటు వేయవచ్చని ఒప్పుకుంది. మర్నాడు ఆ వీలును మొట్టమొదట వాడుకున్నది సిద్దిక్. అప్పటికి ఆమె బిడ్డకు రెండు వారాలు కూడా నిండలేదు.